సూర్యుడు కొండల వెనక్కి, చంద్రుడు సముద్రంలోంచి: విశాఖ సాయంత్రం బోటు గురించి మీ ప్రశ్నలు

విశాఖలో సాయంత్రం పూట సొంతంగా బోటు మాట్లాడుకుని సముద్రంలోకి వెళ్లడం గురించి ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి, మిగతావాటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: వచ్చే మాఘమాసానికి మా అమ్మానాన్నల పెళ్లయి నలభై ఏళ్లవుతుంది. ఒక బోటు మొత్తం మా కుటుంబానికే మాట్లాడుకుని, సూర్యుడు సముద్రంలో మునిగిపోతుండగా వాళ్లిద్దరికీ ఫొటో తీయించాలని నాకూ మా తమ్ముడికీ కోరిక. ఏ టైముకి ఎక్కితే బావుంటుంది? (ఒక పాఠకురాలు, విజయనగరం)

జవాబు: అమ్మా, వైజాగ్‌లో సూర్యుడు సముద్రంలో మునగడు. మన తీరమంతా తూర్పు ముఖం. పొద్దు పొడిచేది నీళ్లలోంచి, కుంకేది కొండల వెనక్కి. ఈ సంగతి మనకందరికీ తెలిసిందే అయినా, బోటు ప్రకటనల్లో నీళ్లను తాకుతున్న ఎర్రటి బింబం బొమ్మ చూసేసరికి మర్చిపోతాం. అది పడమటి తీరం ఫొటో అయినా అయ్యుండాలి, లేదా ఇక్కడే తెల్లవారుజామున తీసినదైనా అయ్యుండాలి. మీరు ఆ బొమ్మ మనసులో పెట్టుకుని వెళ్తే నిరాశపడతారు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే విశాఖలో సాయంత్రం దొరికేది దానికంటే ఏమాత్రం తక్కువ కాదు, కాకపోతే ఎటు చూడాలో తెలిసుండాలి.

బోటు ఒడ్డు నుంచి కొంత లోపలికి వెళ్లి వెనక్కి తిరిగితే ఊరు మొత్తం ఒక్కసారిగా కనిపిస్తుంది. ఒకవైపు డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని పక్కన హార్బర్ నోరు, బీచ్ రోడ్డు మేడలు, అటు కైలాసగిరి, వీటన్నిటి వెనక సింహాచలం కొండల వరుస. బీచ్‌లో నిలబడి ఎన్నేళ్లు చూసినా ఈ ఊరు ఇలా కొండల మధ్య కూర్చుని ఉందని తెలియదు. సూర్యుడు దిగే చోటు కూడా కాలాన్ని బట్టి మారుతుంది. ఆర్కే బీచ్‌కి ఎదురుగా సముద్రంలో ఉంటే డిసెంబరు, జనవరి నెలల్లో దక్షిణంగా జరిగి డాల్ఫిన్స్ నోస్ వైపు దిగుతాడు, మే, జూన్‌లో ఉత్తరంగా జరిగి ఊరి వెనక సింహాచలం కొండల వైపు వెళ్తాడు. మీరు చెప్పిన మాఘమాసంలో ఇంకా డాల్ఫిన్స్ నోస్‌కి దగ్గర్లోనే ఉంటాడు కాబట్టి కొండ నల్లగా, వెనక ఆకాశం ఎర్రగా మంచి దృశ్యం.

ఇక టైము. విశాఖలో సూర్యాస్తమయం నవంబరు చివర్లో 5:20 లోపే అయిపోతుంది, జనవరి చివరికి 5:50 ప్రాంతం, మార్చి మధ్యలో ఆరు దాటుతుంది, జూన్ చివర్లో 6:35 దాకా పోతుంది. అయితే ఇవన్నీ ఎదురుగా ఏ అడ్డూ లేనప్పటి లెక్కలు. డాల్ఫిన్స్ నోస్ ఎత్తు దాదాపు 358 మీటర్లు, మీరు దానికి ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉండి సూర్యుడు సరిగ్గా దాని వెనక్కే దిగితే, పంచాంగం టైముకి పావుగంట ముందే కనబడకుండా పోతాడు. కాబట్టి అస్తమయానికి గంటంపావు ముందే బోటు కదలాలి. బోటువాళ్లు 'ఐదున్నరకి రండి సార్' అంటే జనవరిలో ఒప్పుకోకండి. మీరు లైఫ్ జాకెట్లు తొడుక్కుని కూర్చునేసరికి అంతా అయిపోతుంది.

ఫొటో సంగతి. సాయంత్రం వెలుగు ఊరి వైపు నుంచి వస్తుంది కదా, అమ్మానాన్నల్ని ఊరి వైపు ముఖం పెట్టి కూర్చోబెడితే ఆ బంగారు వెలుగు నేరుగా వాళ్ల ముఖాల మీద పడుతుంది, వెనక సముద్రం నీలంగా ఉంటుంది. ఊరి వైపు వీపు పెట్టి తీస్తే నల్లటి నీడలే వస్తాయి. ఒకటి రెండు అలాగే తీసుకోండి, కానీ ముఖాలు కనబడే ఫొటోలు మొదటి అరగంటలోనే అయిపోవాలి.

నేను మరీ మరీ చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్తాను. తేదీ మీ చేతుల్లో ఉంటే మాఘ శుద్ధ చతుర్దశి సాయంత్రం పెట్టుకోండి, అంటే పౌర్ణమికి ముందు రోజు. పౌర్ణమి నాడు చంద్రుడు దాదాపు సూర్యుడు అస్తమించే వేళకే ఉదయిస్తాడు, అదీ మన తీరంలో నేరుగా సముద్రంలోంచి. ముందు రోజైతే ఇంచుమించు ముప్పావుగంట ముందే పైకొస్తాడు కాబట్టి, పడమట కొండల మీద సూర్యుడు ఉండగానే తూర్పున నీళ్ల మీద చంద్రుడు ఉంటాడు, మీ బోటు ఆ రెండిటి మధ్యలో ఉంటుంది. సముద్రంలో పొద్దు కుంకే ఊళ్లకి ఈ భాగ్యం లేదు, వాళ్లకి చంద్రుడు ఊరి మేడల వెనకనుంచి రావాలి. పౌర్ణమి రోజే వెళ్తే చంద్రుడి కోసం చీకటి పడేదాకా ఆగాల్సి రావచ్చు, చీకట్లో సముద్రం మీద ఉండటం నాకు ఇష్టం లేదు, అందుకే ముందు రోజు అంటున్నాను.

చంద్రుడు లేని రోజుల్లో కూడా సూర్యుడు దిగగానే 'అయిపోయింది, పదండి' అనకండి. తూర్పుకి తిరగండి. నీళ్ల అంచు మీద బూడిద కలిసిన నీలం పట్టీ ఒకటి మెల్లగా పైకి లేస్తుంది, దాని పైన లేత గులాబీ రంగు ఉంటుంది. ఆ నీలం పట్టీ భూమి నీడ. మనం నిలబడ్డ భూమి తన నీడను ఆకాశం మీద వేస్తోందన్నమాట. ఆకాశం నిర్మలంగా ఉంటే పది, పదిహేను నిమిషాలు కనిపిస్తుంది. తూర్పున ఏ అడ్డూ లేని సముద్రం మీద కనిపించినంత బాగా ఇది ఇంకెక్కడా కనిపించదు. పిల్లలుంటే తప్పకుండా చూపించండి.

ప్రశ్న: ప్రైవేటు బోటు అంటే మా అత్తగారికి భయం. కచ్చులూరు గుర్తుచేసి వద్దంటున్నారు. బోటు సురక్షితమో కాదో మాలాంటి వాళ్లం ఎలా తెలుసుకోవాలి? (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: మీ అత్తగారి భయాన్ని కొట్టిపారేయకండి. ఆవిడ భయపడటంలో న్యాయం ఉంది. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరద మీద ఉండగా పాపికొండలకి బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగింది, ప్రాణాలతో బయటపడింది 26 మందే. అంతకు రెండేళ్ల ముందు, 2017 నవంబరు 12, కార్తీక ఆదివారం సాయంత్రం, విజయవాడ దగ్గర పవిత్ర సంగమానికి హారతి చూద్దామని వెళ్తున్నవాళ్ల బోటు తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. ఆ బోటుకి అనుమతి లేదు. ఈ రెండూ నదుల్లో జరిగినవే, అయినా వాటిని గుర్తుపెట్టుకునే సముద్రంలోకి వెళ్లాలి. వెళ్లొద్దని నేను అనను, అడగాల్సినవి అడిగి వెళ్లండి.

డబ్బు కట్టకముందే జెట్టీకి వెళ్లి బోటు కళ్లారా చూడండి. రిజిస్ట్రేషన్ నంబరు బోటు మీద రాసి ఉండాలి. ఎంతమందిని ఎక్కించుకోవచ్చో కాగితంలో ఉంటుంది, ఆ కాగితం చూపించమనండి. ఆ సంఖ్యలో బోటు నడిపేవాళ్లు కూడా కలుస్తారా లేదా అన్నది విడిగా అడగండి. 'మన ఫ్యామిలీయే కదా, ఇద్దరు ఎక్కువైతే ఏమవుతుంది' అన్న మాట వాళ్ల నోట వచ్చినా మీ నోట వచ్చినా ఆ ట్రిప్పు మానేయండి. నడిపే మనిషి లైసెన్సు, ప్రయాణికుల ఇన్సూరెన్సు అడగడానికి మొహమాటపడొద్దు, సరిగ్గా నడిపేవాళ్లు ఈ ప్రశ్నలకి చిరాకు పడరు, సంతోషంగా చూపిస్తారు. ఒడ్డుతో మాట్లాడటానికి వైర్‌లెస్ సెట్ ఉందో లేదో చూడండి, కొంత లోపలికి వెళ్లాక సెల్‌ఫోన్ సిగ్నల్ మీద భరోసా పెట్టుకోలేం.

లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని కాదు, మా అందరి సైజులకీ ఉన్నాయా అని అడగాలి. పెద్దవాళ్ల జాకెట్ ఐదేళ్ల పిల్లాడికి వేస్తే నీళ్లలో పడగానే తలమీదుగా జారిపోతుంది. పిల్లల జాకెట్‌కి కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ ఉంటే మంచిది. జాకెట్ వేసుకున్నాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి, గడ్డం దాటి పైకొస్తే అది వదులు. ఎక్కినప్పటినుంచి దిగేదాకా ఒంటిమీదే ఉండాలి, ఫొటోల కోసం తీసేయకూడదు. పట్టుచీర మీద ఆరెంజ్ జాకెట్ బాగోదని మీ అత్తగారు అనరు, అనేది మనమే. ఆవిణ్ణి నేను అడిగానని చెప్పండి.

వాతావరణం గురించి బోటువాళ్ల మాట ఒక్కటే వినొద్దు. హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ సముద్రం ఎలా ఉండబోతోందో, కెరటాలు ఎంత ఎత్తు లేస్తాయో రోజూ చెబుతుంది, మత్స్యకారులు దాన్ని చూసే వేటకి వెళ్తారు. విశాఖలోనే తుపాను హెచ్చరికల కేంద్రం ఉంది. పోర్టులో ఏ నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేసినా, అది ఒకటో నంబరే అయినా, ట్రిప్పు వాయిదా వేసుకోండి. సముద్రం మీద ఆపద వస్తే కోస్ట్ గార్డ్ టోల్‌ఫ్రీ నంబరు 1554. బోటులో ఎంతమంది ఉన్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఒడ్డున ఉన్న ఒక మనిషికి చెప్పి వెళ్లండి.

ప్రశ్న: భీమిలి దగ్గర మాకు బాగా తెలిసిన జాలరి ఉన్నాడు. సాయంత్రం తన ఫైబర్ బోటులో తిప్పుతానంటున్నాడు. యాట్‌కి (అంటే విహార బోటుకి) అడిగే డబ్బులో పదో వంతు ఇస్తే చాలట. వెళ్లొచ్చా? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: వెళ్లకండి. ఆయన పనితనం మీద నాకు ఏ అనుమానమూ లేదు. సముద్రం గురించి ఆయనకు తెలిసినంత ఏ యాట్ కెప్టెన్‌కీ తెలియకపోవచ్చు. కెరటం ఎప్పుడు విరుగుతుందో చూసి ఆ సందులో బోటుని దాటించడం పుట్టుకతో వచ్చిన విద్యలాంటిది. కానీ ఆ బోటు చేపలకోసం, వలలకోసం చేసినది. వల ఎక్కడ ఉండాలో, మనిషి ఎక్కడ నిలబడాలో దానికో లెక్క ఉంది. అందులో కూర్చోవడం తెలియని ఎనిమిది మంది ఎక్కి, డాల్ఫిన్ కనిపించిందనో ఫొటోకనో అందరూ ఒకే పక్కకి వాలితే ఆయన ఎంత నేర్పరి అయినా ఏమీ చేయలేడు. 2023 మే 7న కేరళలోని తానూర్‌లో జరిగింది ఇలాంటిదే. చేపల బోటుని టూరిస్టు బోటుగా మార్చి, పరిమితికి మించి ఎక్కించుకుని, పొద్దుపోయాక తిప్పారు. 22 మంది చనిపోయారు, వాళ్లలో చాలామంది పిల్లలు.

ఇంకొకటి కూడా ఆలోచించండి. ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు ఉండదు, కేసు ఆయన మీద పడుతుంది, బోటు పోతుంది. మీరు ఇచ్చే కాస్త డబ్బుకోసం ఆయన కుటుంబం బతుకుతెరువుని పణంగా పెట్టమనడం సబబు కాదు. ఆయనకి సాయం చేయాలనుంటే తెల్లవారుజామున వేట నుంచి వచ్చాక ఒడ్డుకెళ్లి చేపలు కొనండి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్న రెండు నెలల్లో ఆ ఇళ్లలో చేతులాడవు, అప్పుడు గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: ఫ్రెండ్స్ అందరం హైదరాబాద్ నుంచి వస్తున్నాం. యాట్ మీద బర్త్‌డే పార్టీ, డ్రోన్ షూట్, డీజే, మందు అన్నీ ప్లాన్ చేశాం. ఏమైనా ఇబ్బంది ఉంటుందా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: డ్రోన్ మర్చిపోండి. విశాఖ తూర్పు నౌకాదళానికి కేంద్రం, పోర్టు ఉంది, ఎయిర్‌పోర్టు ఉంది, డ్రోన్ ఎగరేస్తే షూట్ ఆగిపోవడంతో సరిపోదు, పోలీస్ స్టేషన్ దాకా వెళ్లాల్సి వస్తుంది. మామూలు కెమెరా అయినా నేవీ ఓడల వైపు, డాక్‌యార్డ్ వైపు తిప్పొద్దు, బోటువాళ్లు వద్దంటే వాదించకండి. నేవీ విన్యాసాలు, వాటి రిహార్సల్స్ ఉన్న రోజుల్లో ఆర్కే బీచ్ ఎదురుగా సముద్రంలోకి వెళ్లనివ్వరు, కాబట్టి టికెట్లు బుక్ చేసుకునే ముందు కనుక్కోండి.

మందు తాగి బోటు ఎక్కొద్దు, ఎక్కాక తాగొద్దు. ఊగే బోటు అంచున తూలిన మనిషి నీళ్లలో పడటానికి ఒక్క క్షణం చాలు, చీకటి పడుతున్న వేళ నీళ్లలో తల కనిపించదు. పార్టీ తిరిగొచ్చాక హోటల్లో చేసుకోండి. పాటలు పెట్టుకోండి, కానీ నడిపే మనిషికి వైర్‌లెస్ వినపడేలా ఉండాలి. ఔటర్ హార్బర్‌లోకి పెద్ద పెద్ద ఓడలు వస్తూ పోతూ ఉంటాయి, అవి మీకోసం ఆగలేవు, పక్కకి తప్పుకోలేవు, మీ బోటే తప్పుకోవాలి.

ప్రశ్న: నాకు బస్సులోనే వాంతులు. బోటు ఎక్కగలనా? మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు కూడా. (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: ఎక్కొచ్చు, నెల చూసుకుని ఎక్కండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులకి సముద్రం ఎగిసిపడుతుంటుంది, అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం, 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12నే. మీలాంటివారికి జనవరి నుంచి మార్చి దాకా మంచిది.

ఖాళీ కడుపుతో వెళ్లొద్దు, అలాగని బిర్యానీ తిని వెళ్లొద్దు. రెండు ఇడ్లీలు చాలు. వాంతుల మాత్ర వేసుకునేట్టయితే డాక్టర్ని అడిగి, ఎక్కడానికి కనీసం అరగంట ముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పని చేయదు. బోటు ముక్కు మీద కాకుండా నడిమికి, కాస్త వెనక్కి కూర్చోండి, అక్కడ ఊపు తక్కువ. డీజిల్ వాసన తగిలే చోటు మాత్రం వద్దు. ఫోన్ చూడకండి, దూరంగా కొండల్ని చూడండి. ఇంజిన్ ఆపి బోటు నిలబెట్టినప్పుడే ఎక్కువ ఊగుతుంది, కెరటాలు పక్కనుంచి తగులుతాయి కాబట్టి. సూర్యాస్తమయం చూడటానికి ఆపుతారు, మీకు పడకపోతే మెల్లగా నడుపుతూనే ఉండమని ముందే చెప్పండి. రెండు పడవల్ని పక్కపక్కన కట్టినట్టుండే కాటమరాన్ రకం దొరికితే ఇంకా నయం.

నాన్నగారి కోసం జెట్టీ నుంచి ఎక్కే బోటే చూడండి. రుషికొండలాంటి చోట ఒడ్డునుంచే ఎక్కాలంటే మోకాళ్ల లోతు నీళ్లలో, కెరటాల్లో నిలబడి కాలెత్తాలి, ఆయనవల్ల కాదు. ఫిషింగ్ హార్బర్ వైపు నీళ్లు కదలకుండా ఉంటాయి. అక్కడ కూడా ఆటుపోట్లని బట్టి బోటు ఎత్తు మారుతుంది, ఎక్కేటప్పుడు సరిగ్గా ఉన్న మెట్టు దిగేటప్పుడు అడుగు తేడాలో ఉండొచ్చు. ఇద్దరు మనుషులు చెయ్యి అందించేలా మాట్లాడుకోండి. తోలు చెప్పులు వద్దు, జారతాయి.

ప్రశ్న: రేట్లు ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. మోసపోకుండా ఏం అడగాలి? (ఒక పాఠకుడు, అనకాపల్లి)

జవాబు: ప్రైవేటు బోటు అంటే మనిషికింత కాదు, బోటుకి గంటకింత. ఆ గంట ఎప్పటినుంచి లెక్కో అడగండి, చెప్పిన టైము నుంచా, బోటు కదిలినప్పటి నుంచా. హార్బర్ దాటి బయటికి రావడానికే కొంతసేపు పడుతుంది, గంట ట్రిప్పులో అది కూడా పోతే మీకు మిగిలేది తక్కువ. సాయంత్రానికి రెండు గంటలైతేనే తీసుకోండి, గంటకి తీసుకోవడం డబ్బు వృథా. డీజిల్, జీఎస్టీ, కేకు, ఫొటోగ్రాఫరు విడిగా వేస్తారా అని అడిగి వాట్సాప్‌లో రాయించుకోండి. గాలి ఎక్కువై వాళ్లే ట్రిప్పు ఆపేస్తే డబ్బు వాపసు ఇస్తారా, ఇంకో రోజు ఇస్తారా అన్నది అన్నిటికంటే ముఖ్యం. ఆ డబ్బు పోతుందేమో అన్న టెన్షన్‌తోనే మనవాళ్లు మబ్బు పట్టినా 'పర్లేదు పోనివ్వండి' అంటారు. వాపసు ఇస్తామని రాసిచ్చేవాళ్ల దగ్గరే బుక్ చేయండి, రెండు వేలు ఎక్కువైనా సరే.

ప్రశ్న: అన్నీ బావున్నాయి కానీ నాకు సూర్యుడు సముద్రంలో మునగడమే చూడాలని ఉంది. ముంబయిలో గేట్‌వే దగ్గర బోట్లు ఉంటాయి కదా, అక్కడైతే కనిపిస్తుందా? (ఒక పాఠకురాలు, షోలాపూర్)

జవాబు: ముంబయి పడమటి తీరంలోనే ఉన్నా గేట్‌వే ఆఫ్ ఇండియా తూర్పు ముఖంగా హార్బర్ వైపు ఉంది. అక్కడ బోటు ఎక్కితే సూర్యుడు తాజ్ హోటల్ వెనక్కి, మేడల వెనక్కి దిగుతాడు, విశాఖలో కొండల వెనక్కి దిగినట్టే. మీకు నీళ్లలో మునిగే సూర్యుడే కావాలంటే కొచ్చిలో ఫోర్ట్ కొచ్చి వైపు సముద్రం ముఖంగా వెళ్లే బోటు గానీ, గోవాలో మాండవి నది నోటిదాకా వెళ్లే బోటు గానీ చూడండి. బుక్ చేసేముందు 'బోటు ఎక్కడిదాకా వెళ్తుంది, అక్కడినుంచి పడమట ఏముంటుంది' అని అడగండి. వానాకాలంలో పడమటి తీరంలో ఇలాంటి ట్రిప్పులు చాలావరకు ఆపేస్తారు, దసరా దాటాక పెట్టుకోండి. వచ్చేటప్పుడు దారి కలిస్తే విశాఖలో ఒక తెల్లవారుజాము ఆగండి. మునిగే సూర్యుణ్ణి అక్కడ చూసి, లేచే సూర్యుణ్ణి ఇక్కడ చూడొచ్చు, దానికి బోటు కూడా అక్కర్లేదు.